నడినెత్తి రాయి మీద గుర్తు

ఎగ్గెన్ ఊరి పైన, బండ మీద కడుతున్న చర్చి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవారు కాదట. లోపల ఎవరో రాయి చెక్కుతున్న చప్పుడు... టక్, టక్, టక్. పాపం తీరని ఆత్మలు మంచుకొండ మీంచి దిగొచ్చి పనిచేస్తున్నాయని వాలిస్ లోయంతా చెప్పుకునేవారు.

ఆ మాట విని సంతోషించినవాడు ఒక్కడే, ముసలి మేస్త్రీ అంటోని.

సంతోషించడూ మరి! ఆ చర్చి కడుతున్న యోడర్ తన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నవాడే. గురువును మించిన శిష్యుడని లోకం మురిసిపోతుంది గానీ, ఆ గురువు కడుపుమంట ఎవరికి కావాలి? తను కట్టిన చర్చి కప్పు ఏడాది తిరక్కుండానే బీటలిచ్చింది. యోడర్ కట్టిన కమాను కప్పునేమో అందరూ నోరెళ్లబెట్టి చూస్తున్నారు.

"రేపే ఊతకర్రలు దించుతారట మేస్త్రీ," అంది సారాయంగడి కట్రీ, జున్నుముక్క ముందు పెడుతూ. "ఆ కప్పు కింద నిలబడ్డానికి గుండె కావాలి. నీ చర్చిలో అయితే, రాలే పెళ్లలకి నెత్తిన బొచ్చె చాలు!"

అంగడంతా పకపకా నవ్వింది. ఆ నవ్వే ఆ రాత్రి అంటోనిని బండ ఎక్కించింది.

కప్పును మోసే ఊతకర్రల అడుగున బిగింపు చెక్కలుంటాయి. వాటిని అన్ని పక్కలా సమంగా, మెల్లమెల్లగా వదలాలి. ఒక్క పక్కే ఊడగొడితే కప్పు కుంగుతుంది... ఆ సంగతి యోడర్‌కి నేర్పింది అంటోనియే.

చీకట్లో తడుముకుంటూ వెళ్లి సుత్తి ఎత్తాడు. ఒకే పక్కన ఒక చెక్క ఊడింది... ఇంకో చెక్క... పైన ఎక్కడో కర్ర కిర్రుమంది.

టక్.

తను కొట్టలేదు.

టక్... టక్... సరిగ్గా నెత్తి మీద. అంటోని సుత్తి దించేసి పైకి చూశాడు.

"ఎవరది?" పైనుంచి గుసగుస.

చిన్న దీపం పక్కనుంచి యోడర్ మొహం తొంగిచూసింది.

"మీరా గురువుగారూ! ఛ, దొరికిపోయాను. రేపటిదాకా మీకు తెలీకూడదని, అందరూ దెయ్యమంటున్నా ఊరుకున్నా. పైకి రండి."

నిచ్చెనెక్కి చూశాడు. కమానులన్నీ కలిసే నడినెత్తి రాయి మీద, కట్టిన మేస్త్రీగా యోడర్ గుర్తు ఉండాల్సిన చోట, అంటోని గుర్తు ఉంది. ఇంకా రాతిపొడి కూడా దులపలేదు.

"ఇదేం పనిరా?"

"విద్య మీదే కదా! ఊరిపెద్దలు ఒప్పుకోరని రాత్రిళ్లు చెక్కా." యోడర్ సిగ్గుపడుతూ నవ్వాడు. "ఆనవాయితీ తెలుసుగా — గుర్తు ఎవరిదైతే, కర్రలు దించేటప్పుడు కప్పు కింద నిలబడేది వాళ్లే. రేపు మీరే నిలబడాలి."

అంటోని శిష్యుణ్ణి ఇంటికి పంపేసి, ఏడుస్తూ, ఆ చెక్కల్ని తెల్లారేదాకా మళ్లీ బిగించాడు. దెయ్యానికి ఇవాళ పనెక్కువైందే అనుకున్నారట ఊళ్లోవాళ్లు.

మర్నాడు ఊరంతా గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల అంటోని ఒక్కడే. చెక్కలైతే బిగించాడు గానీ, రాత్రి కప్పు ఎంత కుంగిందో ఎవరికి తెలుసు? ఒక్క మాట చెబితే అంతా ఆపేసేవారు... ఆ మాట మింగేసి నడినెత్తి రాయి కిందికి జరిగాడు. కూలీలు బయటి నుంచి తాళ్లతో లాగుతుంటే ఒక్కో కర్రా దిగుతోంది.

ఆఖరి కర్ర దించబోతుండగా ఎవరో లోపలికి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

"మిమ్మల్ని ఒంటరిగా వదుల్తానా, గురువుగారూ?"

"పోరా... బయటికి పో!"

యోడర్ నవ్వాడు. కర్ర దిగింది.

పైన రాళ్ల సందులోంచి యోడర్ భుజం మీద చిటికెడు ఇసుక రాలింది.