నాలిక కింద మాత్ర

నిర్మల మింద ఏకాంబరానికి కోపం. యాలంటే, ఆ పిల్ల వాని నోట్లోకి తొంగి సూడదు!

వాడు ఎవురంటారా? తాగిన మత్తులో పూతలపట్టులో నిలిపిన బస్సును తోలుకోనిపోయి, నేరుగా చిత్తూరు జైలు గోడకే గుద్దినోడు. పోలీసోళ్లకి నడక తప్పింది.

జైలు నించి వచ్చినోళ్లకి తాగుడు మాన్పించాలని, తిరుపతి బస్టాండు ఎనకాల ఒక డాక్టరు చిన్న ఆస్పత్రి పెట్టినాడు. దినామూ పోవాల, మాత్ర మింగాల, ఇంటికి రావాల. మాత్ర ఇచ్చే నర్సే నిర్మల.

మాత్రను నోట్లో దాచుకోని బయట ఊసేసే ఘనులుంటారు గదా! అందుకే అందర్నీ "నాలిక ఎత్తు" అని టార్చిలైటు ఏసి సూస్తాది. ఏకాంబరం మాదిరే మాత్రకొచ్చే మునికృష్ణనైతే మరీ శానాసేపు. వాడు పండ్లు ఇకిలిస్తే టార్చిలైటే సిగ్గుపడి ఆరిపోతాది, అంత తెలుపు.

ఏకాంబరాన్ని మటుకు, "మింగినావా? సరే, పో."

వాని కడుపుమంట మింద సట్టి పెడితే బోండాలు ఏగుతాయి!

ఒకనాడు, బయట జోరువాన. ఏకాంబరం మాత్రను నాలిక కింద పెట్టుకున్న్యాడు.

"మింగినావా?"

"ఊఁ."

"మూగనోమా ఏమి? నోరిప్పి చెప్పు."

"మిమ్... గినా."

నిర్మల టార్చి తీసింది. సూసింది. ఆ పిల్ల కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"జైల్లో పొద్దస్తమానం సోదా చేసినారని నువ్వే గదా ఏడిస్తివి! ఈడ గూడా సెయ్యకూడదని నిన్నొక్కణ్ణే నమ్మితిని. మళ్లా తాగాలని ఉండాదా?"

ఏకాంబరం గుటుక్కున మింగేసినాడు. "తాగేదానికి కాదు నిర్మలా, నువ్వు సూడాలని! ఆ మునికృష్ణగాని నోట్లోనే కాపురం పెట్టినట్టు సూస్తావే?"

"వాని దవడపన్ను పుచ్చిపోయిండాది. సూడమ్మా అని వాని పెండ్లామే చెప్పిపోయింది!"

"పెండ్లామా!" ఏకాంబరం మొగం సూడాల, దీపం పెట్టినట్టు ఎలిగిపోయింది. "అట్లయితే నన్నూ సూడు." ఇంత నోరు తెరిసినాడు.

నిర్మల టార్చి ఆర్పేసింది. నవ్వు ఆపుకోలేక అటు తిరుక్కునింది.

"ఆ నోరు తెరవాల్సింది నా ముందర కాదు. ఆదివారం మా నాయన ఇంట్లోనే ఉంటాడు. వచ్చి ఆయన ముందర తెరిసి అడుగు."

తెరిసిన నోరు మూయకుండానే ఏకాంబరం వానలోకి నడిసినాడు. ఇల్లు చేరేలోపల కడుపునిండా తాగినాడు.

వాననీళ్లు!