ఎవరన్న ఉన్నరా?

బాన్సువాడల దేవిదాస్ సేటు కిరాయికిచ్చే దుకాన్ల మడిగెలున్నయి గదా, ఆ వరుసల చివరి షటర్ ముందలికెళ్లి చీకటి పడ్డంక ఎవ్వలూ నడువరు. ఇప్పుడు లోపల కంప్యూటర్ లేదు, కరెంటు తీగ గూడ పీకేసిండ్రు. అయినా టింగ్... మని మెసేజ్ వచ్చిన సప్పుడైతదట. విన్నోళ్లకు ఆ రాత్రి బువ్వ సయించలేదంటరు.

ఒకప్పుడు అది కంప్యూటర్ సెంటర్. డోంగ్లి ఊరికెళ్లి సింధుజ అనే పిల్ల రోజూ బస్సెక్కొచ్చి కోడింగ్ నేర్సుకునేది. నోట్లె నాలిక లేని పిల్ల. ముందుగాల మనిషిని పలకరించాలె, ఆయన పలికినంకనే పని చెప్పుకోవాలె అని అవ్వ నేర్పింది. ఆ నేర్పిందే ఆమె పానం తీసింది.

గా పొద్దు గణపతి నిమజ్జనం. పొడుగు గణపతులు తీగలకు తగుల్తయని ఊరేగింపొచ్చే ముందల కరెంటు బంద్ జేస్తరు. గులాలు జల్లి మడిగెలు ఖరాబు జేస్తరని సేటు షటర్లు దించి తాళాలేస్తడు. సెంటర్ల చీకటి జూసి, అందరు పోయిండ్రనుకున్నడు. పిల్ల వెనక అర్రల, ఇన్వర్టర్ మీద నడిచే కంప్యూటర్ ముందల కూసోనుంది.

జరసేపటికి ఇన్వర్టర్ బ్యాటరీ కాలుడు షురూ అయింది... పొగ.

షటర్ బాదింది. డీజే సప్పుడుల ఎవలికినబడుతది? ఫోన్ లేదాయె. కంప్యూటర్ల తెరిచున్నది ఒక్కటే — కోడింగ్ గ్రూపు.

ఆ గ్రూపుకు పెద్ద నితిన్. మన బాన్సువాడ పిలగాడే, ఇంటికాడికెళ్లే హైదరాబాద్ కంపెనీ కొలువు జేస్తడు. పని బంగారం, నోరు మాత్రం ఇషం. నమస్తేలు పెట్టొద్దు, ఉన్నరా అని అడుగొద్దు, కోడ్ పెట్టి సక్కగ ప్రశ్న అడుగుండ్రి — ఇవీ ఆయన రూల్స్. కాపలాకు తనంతల తనే నడిచే ఒక బాట్‌ను గూడ రాసి పెట్టిండు. కోడ్ లేని మెసేజ్‌ను అది సూడంగనే చెరిపేస్తది, మళ్ల మళ్ల రాస్తే మనిషినే బయటికి నూకుతది. నేను రాసినా సరే, రూలంటే రూలే అని మీసం దువ్వేటోడు.

"నమస్తే అన్నా. ఎవరన్న ఉన్నరా?" అని రాసింది పిల్ల. చెరిగిపోయింది.

ఆగింది. పొగ కమ్ముతుంటె గూడ, పలుకుతరేమో అని ఆగింది... "ఏమనుకోకుండ్రి అన్నా, జర సాయం గావాలె." అదీ చెరిగిపోయింది. ఇంకోపారి రాసెటాలకు బయటికి నూకింది. పొగ అన్న ముచ్చట ఆ తర్వాత రాసింది. అది పోనే లేదు.

నితిన్‌కు తెల్వకపోలేదు. బాట్ చెరిపిన మెసేజ్, పేరు జూసి గ్రూపుల నవ్విండు గూడ — ఎవరన్న ఉన్నరా అని అడగనీకి ఇదేమన్న ధర్మశాలనా అని. తెల్లారి పిల్ల సచ్చిపోయిన సంగతి చెప్తే చీమ కుట్టినట్టన్న కాలే. మొదటి ముక్కల్నే పొగ అని రాయాలె గదా, అడుగుడు రాకపోతే నేనేం జేస్త అన్నడట.

ఇగ అదే మడిగె సగం కిరాయికొస్తుందని తీస్కున్నది గూడ ఈయనే. కంపెనీ పని ఆడ కూసోని జేసుకునేది. దయ్యముంటే కోడ్ పెట్టమను, సూస్త అనేటోడు.

మళ్ల నిమజ్జనమొచ్చింది. నితిన్ ఫోనేమో ఆయన చెల్లె వర్ష వీడియోలు తీస్తనని తీస్కపోయింది. కరెంటు బందయింది. నితిన్ వెనక అర్రల ల్యాప్‌టాప్ మీద పనిల మునిగున్నడు. సేటుకు పిల్ల సచ్చినకాడికెళ్లి ఒక భయం — షటర్ దించే ముందల పిలిచి సూస్తడు.

"లోపట ఎవరన్న ఉన్నరా?"

నితిన్‌కు ఇనబడ్డది. పనుంటే పనేందో చెప్పాలె గని, ఉన్నరా అంటే ఎందుకు పలకాలె? పలకలే. సేటు ఇంకోపారి పిలిచిండు... షటర్ దిగింది. తాళం పడ్డది.

వాసనొచ్చినంక లేచిండు. కొత్తగ పెట్టిన ఇన్వర్టర్ కాడ గూడ పొగ. ఉరికి షటర్ బాదిండు, ఒర్రిండు. బయట డీజే. మళ్ల ఉరికొచ్చి గ్రూపుల రాసిండు — షటరేసిండ్రు, లోపల పొగ, దేవిదాస్ సేటుకు ఫోన్ జెయ్యుండ్రి. మొదటి ముక్కల్నే పొగ అని రాసిండు, సక్కగ, తను చెప్పినట్టే.

కోడ్ లేదు. చెరిగిపోయింది.

మళ్ల రాసిండు. చెరిగిపోయింది. బాట్‌ను ఆపుదామని జూసిండు, తెర మసకయితుంది. ఇంకోపారి రాసెటాలకు — తన గ్రూపుకెళ్లి తననే నూకేసింది.

బయటికి నూకినోళ్లకు ఇగ మెసేజులు రావద్దు. అయినా... టింగ్.

"నమస్తే అన్నా. ఎవరన్న ఉన్నరా?"

పేరు జూసిండు. సింధుజ, డోంగ్లి.

"ఉన్న చెల్లె, ఉన్న. నమస్తే," అని కొట్టిండు. పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి ఎవలికీ నమస్తే రాయనోడు.

"బాగున్నరా అన్నా?"

దగ్గుకుంట, కండ్లు తుడుసుకుంట, బాగున్న అని రాసిండు.

"ఇంట్ల అందరు మంచిగున్నరా? అమ్మ మంచిగుందా?"

ఉన్నరు, అందరున్నరు చెల్లె... ఒక్కొక్క అచ్చరం ఎతుక్కుంట రాసిండు. ఊపిరాడ్తలేదు. ఇగ ఆగలేక అడిగిండు.

"చెల్లె, ఈడికెళ్లి ఎట్ల బయటపడాలె?"

బయట డీజే దూరం పోయింది. పొద్దుగాల షటర్ లేపినోళ్లకు తెర మీద ఆఖరుకు కనబడ్డ జవాబు ఇది —

"గదే అడుగుదామని వచ్చిన అన్నా."