తాళం వేసిన గదిలో తడి

“కుళాయిలన్నీ కట్టేశాను. అయినా మీటర్ తిరుగుతూనే ఉంది,” అంది ఆమె, గేటు సగమే తీసి.

“ఇన్నాళ్ళకి మొగుడు గుమ్మం తొక్కితే మొదటి మాట మీటర్ గురించా?”

“నేను ఫోన్ చేసింది మొగుడికి కాదు. ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌కి.”

అతను వానలో తడిసి వచ్చాడు. టవల్ ఇవ్వాలా వద్దా అని ఆమె తటపటాయించి, చివరికి కుర్చీ మీద పడేసింది. చేతికి ఇవ్వలేదు.

పుట్టిన రోజే పాప పోయాక ఆ ఇంట్లో మాటలు తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు అతను బట్టలు సర్దుకుని స్నేహితుడి గదికి మారిపోయాడు. విడాకులన్న మాట ఇద్దరూ అనలేదు. అనడానికైనా మాట్లాడుకోవాలి కదా.

ఆమె ముందే పిలిపించిన ప్లంబర్ వంటింటి గోడకి చెవి ఆనించి పెదవి విరిచాడు. “ఎక్కడా చెమ్మ లేదు సార్. పైపు ఇంకెటైనా పోయిందా?”

“ఊరందరికీ గీస్తాడు. సొంతింటి పైపులకి కాగితం ముక్క కూడా లేదు,” అంది ఆమె.

“మేస్త్రీకి నోటితో చెప్పాగా.”

“నా దగ్గరే నోరు పెగలదు.”

ప్లంబర్ నవ్వాపుకోవడానికి సంచీలో ఏదో వెతుక్కున్నాడు. భర్త మాత్రం నవ్వలేదు. హాలు చివర తాళం వేసిన గది వైపు చూశాడు.

“ఆ గది తెరవాలి.”

ఆమె అడ్డం వచ్చింది. “అందులో కుళాయే లేదు. ఇంకెక్కడైనా తవ్వుకోండి.”

“పైపు ఉంది. నేనే పెట్టించాను.”

తాళంచెవి తెచ్చింది కానీ ఆమె తలుపు దాకా రాలేదు. అతనే తీసుకుని తాళం తీశాడు. ఉబ్బిన తలుపుని భుజంతో నెట్టాడు. లోపల గోడకి వేసిన లేత పసుపు రంగు పొక్కులు లేచి, నేల మీద పెచ్చులై రాలింది. పాప కోసం కొన్న మంచం కాళ్ళు నాని నల్లబడ్డాయి. ఇద్దరూ ఆ తలుపు జోలికి పోకపోవడంతో ఇదంతా ఎవరి కంటా పడలేదు.

ప్లంబర్ ఉలితో గోడ పగలగొట్టాడు. మూత బిగించిన పైపు కొస బయటపడింది. మూత చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి.

“ఇదండీ దొంగ! ఇంత కిందకి పెట్టించారేంటి సార్? మోకాలెత్తున ఎవరు కడుక్కుంటారు?”

అడుగుతూనే ప్లంబర్ తలెత్తాడు. అతని చూపు మంచం మీద పడింది. “మెయిన్ వాల్వ్ కట్టేసి వస్తా,” అంటూ గబగబా బయటికి పోయాడు.

“నువ్వు పురిటికి మీ అమ్మ దగ్గర ఉన్నప్పుడు పెట్టించా,” అన్నాడు భర్త. “చిన్న సింకు, చిన్న కుళాయి. నడకొచ్చాక తనే చేతులు కడుక్కుంటుందని. మీరిద్దరూ వచ్చాక చూపిద్దామనుకున్నా.”

“నాకెందుకు చెప్పలేదు బావా? పాప పోయిన మర్నాడే ఆఫీసుకి వెళ్ళిపోయావు. నీకేం పట్టలేదనుకున్నాను.”

“ఆఫీసు దాకా వెళ్ళలేకపోయాను. బస్టాప్‌లోనే కూర్చున్నా, చీకటి పడేదాకా. నీ ముందు ఏడిస్తే నువ్వింకా కుంగిపోతావని…”

“ఏడ్చి ఉంటే, నేనొక్కదాన్నే పోగొట్టుకున్నానని అనుకునేదాన్ని కాదు.”

ప్లంబర్ తిరిగొచ్చి గొంతు సవరించుకున్నాడు. “పైపు లోపలికి కోసేసి మొత్తం మూసేస్తాను. మళ్ళీ ఈ గొడవుండదు.”

భర్త తలూపాడు.

“మూయొద్దు. కుళాయి పెట్టండి,” అంది ఆమె.

“ఇంత కిందనా అమ్మా?”

“అక్కడే.”

మెయిన్ తిప్పగానే కొత్త కుళాయి దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, నెమ్మదిగా తేటపడింది. ఆమె నేల మీద కూర్చుని దోసిలి పట్టింది. నీళ్ళు నిండి పొర్లిపోతున్నా చేతులు తీయలేదు. భుజాలు అదిరాయి. అతను పక్కన చతికిలబడ్డాడు. ఏడుపొస్తే ముఖం తిప్పుకోలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు ఎగబీల్చి అంది. “వాన తగ్గాక వెళ్ళి నీ బట్టలు తెచ్చుకో.”

“ఇప్పుడే వెళ్తా.”

“తగ్గాక అన్నాను,” అంటూ తడిచేత్తో అతని చొక్కా పట్టుకుంది.