ఓనరుగారి సంతకం

ఇప్పుడు నేను చెప్పబోయేది అక్షరం అక్షరం నిజం, తులసీ. ఈ అమ్మమ్మ మాటంటే మీ అమ్మకి నమ్మకం లేదని నాకు తెలుసు. మొన్న నేను చెప్పిన తాచుపామును కొలిస్తే రాజోలు నుంచి తాటిపాక దాకా వస్తుందని నవ్విందట. పామును కాస్త సాగదీసేను, ఒప్పుకుంటాను. దీన్ని సాగదీయడానికి నాకు ఓపికా లేదు, అవసరమూ లేదు. ద్రాక్షారామం భీమేశ్వరుడి మీద ఒట్టు. నా రెండు కళ్ల మీద ఒట్టు. ఆపరేషను చేయించుకున్న కన్ను మీద విడిగా ఇంకో ఒట్టు. ఆ చెప్పులు విప్పి ఇలా అరుగు మీద కూర్చో.

మీ తాతయ్యకి కిడ్నీలు పాడయ్యేక వారానికి మూడుసార్లు అమలాపురం తీసుకెళ్లి రక్తం శుభ్రం చేయించాలి కదా. సోమ, బుధ, శుక్రవారాలు. ఆస్పత్రివాళ్లు ఆయనకి ఇచ్చిన టైము పొద్దున్న ఆరు. ఆరు దాటితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, రెండోసారి తప్పితే ఊపిరి అందదు. మూడోసారి సంగతి డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. అల్లవరం అవతల ఈ మూలకి ఆ వేళప్పుడు బస్సు లేదు. చలికాలంలో ఆటోవాడు దుప్పట్లోంచి తల బయట పెట్టడు. అందుకే మీ మావయ్య దుర్గాసాయి ఆ పాత కారు కొన్నాడు. మీ తాతయ్య ప్రాణం ఆ నాలుగు చక్రాల మీద ఉందనుకో.

దాని అసలు ఓనరు దేవసహాయం మాస్టారు. కాలవ లాకుల దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యేరు. మహా మర్యాదస్తుడు. గేదె అడ్డం వచ్చినా 'కాస్త తప్పుకోండి' అనేవారు. దారిలో ఎవరైనా నడుస్తూ కనపడితే ఎక్కించుకోకుండా కదిలేవారు కాదు. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆయనకి తోచేది కాదట.

ఆయన ఆ కారులోనే పోయేరు. కిందటేడు ఇదే ధనుర్మాసంలో, కాలవ గట్టు మీద, పొద్దున్నే. స్టీరింగు ముందు బిగుసుకుందో, గుండె ముందు ఆగిందో ఎవరికీ తెలీదు. జనం వెళ్లేసరికి ముందు చక్రం గాల్లో ఉంది, దాని కింద కాలవ. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆ వేళ్లు విడదియ్యడానికి నలభైమంది పట్టేరు. సరే, నలుగురు. ముసలాయన పది వేళ్లకి నలుగురంటే తక్కువా?

వాళ్లమ్మాయి షైనీ కారు అమ్మేటప్పుడు ఇదేదీ దాచలేదు, పాపం. పేరు మార్చుకునే కాయితాలు కూడా ఇచ్చింది. మాస్టారు కారు అమ్మేద్దామనుకుని, బతికుండగానే వాటి మీద సంతకాలు పెట్టి ఉంచేరు. హెడ్మాస్టరు కదా, ఆకుపచ్చ ఇంకు. మీ మావయ్య వాటిని కారు ముందు అరలో పడేసి, 'రవాణా ఆఫీసుకి రేపు వెళ్తానమ్మా' అన్నాడు. మన వైపు ఎవడు వెళ్లేడు గనక వీడు వెళ్తాడు? కోనసీమలో సగం బళ్లకి కాయితంలో ఓనరు ఒకడు, తోలేవాడు ఇంకొకడు. ఆ రేపు రానే లేదు.

కొన్న మూడో వారం స్టీరింగు మొరాయించింది. ముందు పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగింది. తరవాత చక్రం తిరగలి రాయిలా బిగుసుకుపోయింది. దుర్గాసాయి రెండు చేతులా లాగేడు, నేను వెనక సీట్లోంచి వాడి భుజాలు పట్టుకుని లాగేను. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు తిరిగింది. ఎక్కడనుకున్నావు? మాస్టారు పోయిన చోట.

అమలాపురం షోరూంలో జెస్సీ అని ఒకమ్మాయి ఉంది. చాలా మంచిగా చెప్పింది. "ఇది కంపెనీ తప్పేనండీ మామ్మగారూ. స్టీరింగు మోటారులో లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుని, ఆ బళ్లన్నీ వెనక్కి రప్పించి ఉచితంగా మార్చి ఇస్తోందండీ. రీకాల్ అంటారండీ."

మార్చేరు. ఇరవై రోజులకి మళ్లీ బిగుసుకుంది. మళ్లీ మార్చేరు. పదిహేను రోజులకి మళ్లీ. ప్రతిసారీ అక్కడే. మూడోసారి జెస్సీ కంప్యూటరు వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"రీకాల్ పని పూర్తయినట్టు చూపిస్తోందండీ. మళ్లీ ఒప్పుకోవాలంటే ఓనరుగారు స్వయంగా వచ్చి కంప్లయింటు మీద సంతకం పెట్టాలండీ."

"వీడే కదమ్మా ఓనరు."

"కాయితంలో దేవసహాయంగారని ఉందండీ."

"ఆయన రాలేరమ్మా."

"ఒంట్లో బాలేదాండీ?"

"ఒంటికేం, ఇప్పుడు ఏ జబ్బూ లేదు" అన్నాను. దుర్గాసాయి నా చెయ్యి గిల్లేడు. పోయేరని చెబితే వారసుల కాయితాలూ, తాసీల్దారు ముద్రలూ అంటారు. అవి పుట్టేలోపు ఇక్కడ సోమవారాలు ఎన్ని రావాలి, శుక్రవారాలు ఎన్ని పోవాలి? అందుకని నేనే అన్నాను, "సోమవారం తీసుకొస్తాంలే తల్లీ."

బయటికొచ్చేక వాడు నా మీద పడ్డాడు. "ఎవర్ని తీసుకొస్తావమ్మా?"

"నువ్వే ఓ కళ్లజోడు పెట్టుకుని పెట్టెయ్యరా. పచ్చ ఇంకు పెన్ను నేను కొనిస్తాను."

"జెస్సీ నన్ను ఎరగదా?"

"అయితే ఆమె టీకి వెళ్లినప్పుడు పెట్టు."

ఇదీ మా ఆలోచన. ఇంతవరకూ నాకు నవ్వులాటే.

సోమవారం నాలుగున్నరకి లేచేం. మంచు ఎంత చిక్కగా ఉందంటే చెంబుతో ముంచుకుని మొహం కడుక్కోవచ్చు. కొబ్బరాకుల మీంచి నీళ్లు టప్… టప్… మని రాలుతున్నాయి. కాలవలో కుళ్లిన గుర్రపుడెక్క వాసన. మీ తాతయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, దుప్పటి కప్పేం. నేను వెనక తలుపు తీసేను. నా నోరు నీకు తెలుసుగా, ఊరుకోదు. వంగి, చెయ్యి చాపి, పెళ్లివారిని పిలిచినట్టు పిలిచేను.

"దయచేయండి మాస్టారూ. సంతకం పెట్టి దిగిపోదురుగాని."

దుర్గాసాయి విసుక్కున్నాడు. నేను నవ్వుకుంటూ ఎక్కి తలుపు వేసుకున్నాను. సర్దుకుంటూ పక్కన చెయ్యి ఆన్చేను.

సీటు వెచ్చగా ఉంది.

అంత చలిలో… అప్పటిదాకా ఎవరో కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. సుద్దముక్క పొడి వాసన కూడా వచ్చింది. నేను కిటికీ వైపు జరిగేను. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను?

ఊరు దాటి గట్టు ఎక్కేం. లైట్ల ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడటం లేదు. కాలవ పక్కనే ఉందని వాసనే చెబుతోంది. కొంత దూరం పోయేక మళ్లీ చెయ్యి ఆన్చి చూసేను. సీటు చల్లబడిపోయింది. అప్పుడే దుర్గాసాయి గొంతు వినపడింది. గొంతు కాదు, గాలి.

"అమ్మా…"

"ఏంట్రా?"

"నేను తిప్పడం లేదు."

ముందుకు వంగి చూసేను. వాడి చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. చక్రం మెత్తగా తిరుగుతోంది. మలుపు రాకముందే తిరుగుతోంది. మలుపులో హారను రెండుసార్లు మోగింది. వాడి బొటనవేలు కదల్లేదు.

"తియ్యరా చేతులు."

"రావట్లేదమ్మా… నా చేతుల మీద… ఎవరివో చేతులున్నాయి."

నాకు కనపడలేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఏమీ కనపడలేదు. వాడి వేళ్లు మాత్రం పైనుంచి ఎవరో నొక్కినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆయ్" అన్నారు మీ తాతయ్య, ఎవరి మాటకో ఊఁ కొడుతున్నట్టు.

కళ్లు మూసుకునే ఉన్నారు. కాసేపాగి, "అవునండి… ఆయ్…" అన్నారు మళ్లీ.

"ఎవరితోనండీ?" అన్నాను మెల్లిగా.

"మాస్టారితోనే."

లాకుల దగ్గర దారి చీలుతుంది. తిన్నగా వంతెన ఎక్కితే అమలాపురం. ఎడమకి తిరిగితే సమాధుల తోట, మాస్టారిని పెట్టింది అక్కడే. కారు ఎడమకి తిరిగింది. వాడు బ్రేకు తొక్కేడు. నేలకి అంటుకునేదాకా తొక్కేడు. ఆగింది. కానీ వాడు తొక్కిన చోట కాదు… గేటు ముందు ఆగింది. మంచులో తెల్ల సిలువలు, కొన్నే కనపడుతున్నాయి. ఇంజను మూలుగుతోంది. స్టీరింగు ఎడమకి తిరిగి బిగుసుకుపోయింది. పసుప్పచ్చ దీపం వెలిగి ఉంది.

టక్కుమంది. మీ తాతయ్య బెల్టు ఊడింది.

"ఎక్కడికండీ?"

"మాస్టారు ఇల్లు చూపిస్తానంటున్నారు. ఒక్క నిమిషం, వచ్చేస్తాను."

చెంచా ఎత్తే బలం లేని మనిషి తలుపు తీసేసేరు. నేను వెనకనుంచి కాలరు పట్టుకున్నాను. లాగేస్తున్నారు. నా మోకాళ్లు సీటుకి గుద్దుకున్నాయి. దుర్గాసాయి చేతులు స్టీరింగుకి అంటుకుపోయి ఉన్నాయి, ఏడుస్తున్నాడు. అయిదూ ముప్పై అయిదు. ఆస్పత్రిలో ఆ మంచం ఖాళీగా ఎదురుచూస్తోంది. కేకేస్తే వినేవాడు లేడు. కొడితే తగిలే మనిషి లేడు. ఏం చెయ్యను? మర్యాదస్తుడు కదా అని, మర్యాదగానే అడిగేను.

"మాస్టారూ… ఆరు దాటితే కుదరదండీ. ముందు ఆ సంతకం సంగతి చూడండి. ఆ పని అయ్యేక… మీ ఇష్టం."

నేనే అన్నాను తులసీ. నా ఈ నోటితోనే అన్నాను.

కొబ్బరాకుల చప్పుడు కూడా ఆగిపోయింది. తరవాత చక్రం మెల్లిగా, ఎవరూ పట్టుకోకుండా, కుడికి తిరిగింది.

"ఆయ్. అలాగేనండి."

ఈసారి అన్నది మీ తాతయ్య కాదు.

ఆరుకి అయిదు నిమిషాలుండగా ఆస్పత్రిలో ఉన్నాం. ఆయన్ని మంచం ఎక్కించి, తొమ్మిదింటికి షోరూం తెరిచిన కాసేపటికి వెళ్లేం. దుర్గాసాయి జేబులో పచ్చ పెన్ను ఉంది. జెస్సీ కాయితం తీసి చూపించింది.

"ఓనరుగారు ఇందాకే పెట్టేసేరు కదండీ. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మంచినీళ్లిస్తే ఎంత మర్యాదగా థాంక్సండీ అన్నారో."

పచ్చ ఇంకు. ఇంకా తడి ఆరలేదు. కుర్చీ పక్కన బల్ల మీద గ్లాసు నిండుగా ఉంది. నీళ్ల మీద సన్నగా నాచు.

ఏమనగలం? అవునమ్మా అన్నాం. మోటారు మార్చేరు. కారు వెన్నలా నడిచింది, ఎనిమిది రోజులు. మొన్న బుధవారం తిరిగొస్తుంటే మళ్లీ దీపం వెలిగింది, మళ్లీ బిగుసుకుంది. ఎక్కడో చెప్పక్కర్లేదుగా. షోరూంవాళ్లు బండి పంపి కారుని లాక్కెళ్లేరు. ఇవాళ శుక్రవారం. కారు లేదు. మీ మావయ్య నాలుగింటి నుంచి ప్రతి ఆటోవాడి తలుపూ కొట్టేడు. ఆరు దాటిపోయింది. మీ తాతయ్య కాళ్లు అరటిబోదెల్లా అయ్యేయి. నిజం చెప్పాలంటే అంత లేదు, కానీ వేలు పెడితే గుంట పడుతోంది. పొద్దుటి నుంచీ ఆ లోపలి గదిలో దగ్గుతూనే ఉన్నారు. పదకొండింటికి నేనే గంజి తాగించేను. నోరు తెరిచేరు, మింగేరు.

నువ్వు బస్సు దిగడానికి కాస్త ముందు జెస్సీ ఫోను చేసింది. కారు బాగైందా తల్లీ అన్నాను.

"బాగైందండీ మామ్మగారూ. ఓనరుగారు పొద్దున్న తొమ్మిదింటికే వచ్చి పట్టుకెళ్లిపోయేరు కదండీ. ఇంకా ఇంటికి రాలేదాండీ? పక్క సీట్లో తాతగారు కూడా ఉన్నారండీ. ఎంత తేటగా ఉన్నారో ఇవాళ. నేను నమస్కారం పెడితే చెయ్యి ఊపేరండీ."

మీ మావయ్య మోటారు సైకిలేసుకుని పరిగెట్టేడు. సమాధుల తోట వైపే వెళ్లి ఉంటాడు. నేను ఇక్కడే కూర్చున్నాను. ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచి లోపల దగ్గు వినపడటం లేదు.

తొమ్మిదింటికి ఆయన అక్కడుంటే, పదకొండింటికి నేను గంజి తాగించింది ఎవరికి?

నాకు మోకాళ్ల నొప్పులమ్మా, లేవలేను. కాదు. ఇవాళ అబద్ధమాడనన్నానుగా. మోకాళ్లు బాగానే ఉన్నాయి. నువ్వు కాస్త ఆ లోపలి గదిలోకి వెళ్లి, మంచం మీద ఎవరున్నారో చూసి రా.