శిరస్సమ్మతి

నలభై ముగ్గురు ఆడవాళ్ళు ముఖాలకి నల్లటి హెడ్‌సెట్లు తగిలించుకుని, నవతీరం కార్పొరేషన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని, లేని బజారులో తిరుగుతున్నారు. జెట్టీ పక్కనున్న చేపల బజారుని ఎత్తేసి, పన్నెండు కిలోమీటర్ల అవతల కట్టబోయే కొత్త బజారు అది. దానికింకా పునాది కూడా పడలేదు. హెడ్‌సెట్‌లో మాత్రం తెల్లటి గచ్చు, మెరిసే బల్లలు, మందుకైనా ఓ ఈగ లేదు. ఓ కమ్మని గొంతు అన్నీ వివరిస్తుంటే ఆడవాళ్ళు మర్యాదగా "ఆఁ... ఆఁ..." అంటూ తలలు ఆడిస్తున్నారు.

హాలు చివర లాప్‌టాప్ ముందు కూర్చుంది లాస్య. ఆ ప్రోగ్రామ్ రాసింది ఆ అమ్మాయే. తెర మీద ఆకుపచ్చ గుర్తులు ఒక్కొక్కటే వెలిగి, పది నిమిషాల్లో నలభై మూడుకి నలభై మూడూ పూర్తయ్యాయి. కమిషనర్ చక్రధరరావు లేచి చప్పట్లు కొట్టాడు.

"బజారు తరలింపుకి మీరంతా సమ్మతించారు. చాలా సంతోషం."

ముందు వరసలో ఉన్న మైలపల్లి పోలమ్మ హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరవై ఏళ్ళ మనిషి, అందులో నలభై ఏళ్ళు ఆ జెట్టీ మీద చేపలు అమ్మినవే.

"ఎవరు ఒప్పుకున్నారు బావూ?"

"మీరేనమ్మా. తల ఊపారుగా."

"వింటన్నామని ఊపాం. ఒక మనిషి అంతసేపు చెప్తంటే దిష్టిబొమ్మలాగ కూకుంటామా ఏటి?"

లాస్య లాప్‌టాప్ మీంచి తలెత్తి చూసింది.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. శిరస్సమ్మతి అని పేరు ఘనంగా పెట్టారు గానీ, అది ఒట్టి వెబ్ పేజీ. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. హెడ్‌సెట్‌లో ఉండే బ్రౌజర్‌లో లింకు తెరిస్తే చాలు, ఎదురుగా ఓ లోకం లేచి నిలబడుతుంది. మీ తల ఎటు తిరిగిందో బ్రౌజర్ ఆ పేజీకి సెకనుకి తొంభై సార్లు చెబుతూ ఉంటుంది. పైకీ కిందకీ వంగితే ఒక కోణం, ఎడమకీ కుడికీ తిరిగితే ఇంకొకటి, భుజాల వైపు వాలితే మూడోది. సంతకం ఎవడైనా ఫోర్జరీ చెయ్యగలడు, నీ తలని నువ్వు తప్ప ఎవడూ ఊపలేడు కదా అని ప్రభుత్వం వారు మురిసిపోయి, తల ఊపితే సంతకంతో సమానమని చట్టం చేసేశారు.

చిక్కల్లా ఆ మూడో కోణంతోనే వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో రాసిన ఆ కోడ్‌కి తెలిసినవి రెండే: పైకీ కిందకీ అయితే ఔను, పక్కలకి అయితే కాదు. మనం భుజం నుంచి భుజానికి ఆడించే తల దాని లెక్కలోనే లేదు. పరీక్ష చేసిన రోజున అన్ని జవాబులూ ఖాళీగా వచ్చేసరికి, "మనవాళ్ళు అలా ఆడించారంటే సరే అనే కదమ్మా" అన్నాడు కమిషనర్. లాస్యకీ నిజమే అనిపించింది. ఆ పొద్దున్నే ఆటో అతను అలాగే తల ఆడించి ఎక్కించుకున్నాడు మరి. అలా వాలినా ఔననే రాసుకోమని కోడ్‌లో ఒక్క లైను చేర్చింది. మన తల ఆటకి అర్థం ఒకటా రెండా? సరే అని, విన్నానని, అయ్యో పాపమని, ముందు నువ్వు చెప్పడం కానివ్వమని. చదువుకున్న పిల్లకి ఆ క్షణాన ఒక్క అర్థమే తోచింది.

ఆడవాళ్ళు కాసేపు అరిచి, తెల్లవారితే పడవలు వస్తాయని గుర్తొచ్చి వెళ్ళిపోయారు. లాస్య కమిషనర్ గదిలోకి వెళ్ళింది.

"తప్పు నాది సార్. ఆ లైను తీసేసి మళ్ళీ అడుగుదాం."

"రికార్డుకెక్కిన సమ్మతిని ఎవరూ మార్చలేరు. చట్టం అలా ఉంది."

"జెట్టీకి దూరమైతే వాళ్ళ పని అయిపోయినట్టే సార్. పడవ దిగిన చేప గంపలోకి ఎత్తుకుని నడిచి వెళ్ళి అమ్ముకునేవాళ్ళు. పన్నెండు కిలోమీటర్లంటే లారీలున్నవాళ్ళే కొంటారు."

"అర్జీ పెట్టుకోమను, వింటాను. అర్జీ మీద నా నిర్ణయానిదే ఆఖరి మాట, అదీ ఇందులోనే రికార్డవుతుంది. నాకేమైనా వేరే చట్టం ఉందా?"

"లేదు సార్. కోడ్ కూడా వేరేది లేదు. మీ తల భుజాల వైపు ఆడినా పేజీ సరే అనే రాసుకుంటుంది. ముందే చెబుతున్నాను."

చక్రధరరావు నవ్వేశాడు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసమ్మా నాది. నా తల నా చెప్పుచేతల్లోనే ఉంటుంది."

మూడో రోజు విచారణ. అది వెబ్ పేజీయే కాబట్టి మామూలు ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. ఆడవాళ్ళు జెట్టీ మీద గంపల పక్కనే కూర్చుని, అక్కడి నుంచే లోపలికి వచ్చారు. కమిషనర్ తన గదిలో హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఎదురుగా నలభై మూడు బొమ్మలు, వాటి నెత్తిన పేర్లు, వాటి పైన గాల్లో ఓ ప్రశ్న: చేపల బజారు జెట్టీ దగ్గరే ఉండాలి. సమ్మతమేనా?

లాస్య పక్కన నిలబడింది. కోడ్‌లో అక్షరం ముట్టుకోలేదు.

పోలమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. "బావూ, మీరు చేపలు తింటారా?" అని మొదలెట్టింది.

"తింటాను." తల రాయిలా ఉంది.

"వంజరం చేప కొన్నప్పుడు ఏటి చూస్తారు? కన్ను చూస్తారు. కన్ను మోసం చేస్తాది. ఐసులో పెడితే కన్ను నిలబడే ఉంటాది. మొప్ప ఎత్తి చూడాల. ఎర్రగా ఉందా, పొద్దున్న పట్టిందే. గోధుమరంగుకి తిరిగిందా, దాని మొహం చూడకండి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయిందనుకోండి, ఆ చేప ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో ఆ భగవంతుడికే తెలియాల. మీ ఇంట్లో వండిన పులుసు ఎప్పుడైనా ముక్క చెదిరిపోయిందా?"

చక్రధరరావుకి గడిచిన ఆదివారం గుర్తొచ్చింది. పులుసులో ముక్కలు చెదిరి ముల్లు గొంతుకి అడ్డం పడ్డ మాట నిజం. "ఆఁ..." అన్నాడు. తల కుడి భుజం వైపు ఒకసారి, ఎడమ భుజం వైపు ఒకసారి, హాయిగా వాలింది.

లాప్‌టాప్ మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది. కమిషనర్ అడ్డంగా దొరికిపోయాడు.

హెడ్‌సెట్ ఊడబెరుక్కుని, "అది తీసెయ్యి. నేను వింటున్నానని ఆడించానంతే" అన్నాడు.

"వాళ్ళూ అదే అన్నారు సార్."

"అయితే అధికారులకి వేరే కోడ్ రాయి. ఇది ఆర్డర్."

"రాయను సార్. వాళ్ళ మెడకొక కోడు, మీ మెడకొక కోడు నేను రాయను. తీసేస్తే అందరికీ తీసేస్తాను. కాదంటే ఉద్యోగంలోంచి నన్నే తీసెయ్యండి."

ఆమెనే తీసేశారు. అర్జీ రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు, బజారు జెట్టీ దగ్గరే ఉండిపోయింది. లాస్య ఇప్పుడు బజారు సంఘానికి పేజీలు రాసిపెడుతోంది.

అసలు విడ్డూరం తర్వాత జరిగింది. ఈ కబురు ఆఫీసులన్నిటికీ పాకేసరికి అధికారులు హడలిపోయారు. విచారణ అంటే చాలు, మెడనొప్పి వాళ్ళకి డాక్టర్లు వేసే గట్టి పట్టీలు కట్టుకుని హెడ్‌సెట్ ముందు కూర్చోవడం మొదలెట్టారు. కొన్నాళ్ళకి హెడ్‌సెట్ లేకపోయినా తల కదపడం మర్చిపోయారు.

ఆ వేసవిలో జెట్టీ మీద ఐసు గది కావాలని పోలమ్మా వాళ్ళూ మళ్ళీ వచ్చారు. ఎప్పుడొచ్చినా అర్జీ చెప్పుకోవడం, దొరగారు ఆఁ ఆఁ అంటూ తల ఆడించడం, మన మాట విన్నాడులే అని సంబరంగా ఇంటికెళ్ళిపోవడం అలవాటు. అలా ఏళ్ళు గడిచిపోయేవి, పని మాత్రం అయ్యేది కాదు. ఈసారి పోలమ్మ అంతా చెప్పి చూసింది. చక్రధరరావు పట్టీలో మెడ బిగించుకుని, గోడకి కొట్టిన మేకులా చూస్తున్నాడు.

"వింటన్నారా బావూ?"

"విన్నాను."

"అయితే ఏటంటారు?"

పట్టీలో తల ఇటూ అటూ కదల్లేదు. తల ఆడితే వెళ్ళిపోదామని లేవబోయిన ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోలమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద చతికిలబడింది.

"చెప్పండి. చెప్పేదాకా మేం ఇక్కడే ఉంటాం."

నలభై ముగ్గురూ కూర్చున్నారు. గుమ్మం దాకా గంపలు పరుచుకున్నాయి. గది నిండా చేపల వాసన. మధ్యాహ్నం రెండయింది, మూడయింది. నాలుగయ్యేసరికి చక్రధరరావు పట్టీ విప్పి బల్ల మీద పడేసి, "సరే" అన్నాడు, నోటితో.

"కాగితం మీద రాయండి" అంది పోలమ్మ.