కోడలి బండి, అత్తగారి దారాలు

ఆదివారం పొద్దున్న కోడలు తలకు తడిగుడ్డ చుట్టుకుని కాఫీ కలుపుతోంది. నిన్న మోటార్‌సైకిల్ మీద దూరం వెళ్లొచ్చింది. దారి పొడుగునా గాలి హెల్మెట్‌ను పట్టుకుని గిలక్కాయలా ఊపేసింది. చెవుల్లో హోరు ఇంకా వదల్లేదు.

"ఇంక చాలు. సాయంత్రం బండి కొనేవాళ్లు వస్తున్నారు," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె చేతిలో చెంచా ఆగిపోయింది. "నన్నొక్క మాటైనా అడక్కుండానా?"

"అడిగితే ఏమంటావో తెలీదా? బండికి గాలి ఆపే ముందద్దం పొట్టిగా ఉందని పొడుగుది వేశావు. అదీ చాలదని ఇంకా పొడుగుది. తలనొప్పి పెరిగిందా, తగ్గిందా?"

నిజమే. నిజం కాబట్టే ఆమెకు ఒళ్లు మండింది. "వారమంతా ల్యాబులో తల వంచుకుని పనిచేస్తానండీ. నాకు ఊపిరాడేది బండెక్కే ఆ ఒక్కరోజే. గాలి ఎక్కణ్ణుంచి కొడుతోందో తేలితే ఆపుకుంటాను. బండికి దారాలు కట్టి అవి ఎటు ఎగురుతాయో చూద్దాం, వెనక కూర్చోండి అంటే మీరు వినరు. నేను రోడ్డు చూడాలా, దారాలు చూడాలా?"

భర్త పేజీ తిప్పాడు. ఆమెకు ఏడుపొచ్చింది. మూలన కూర్చున్న అత్తగారు లేచి, కుట్టుమిషను సొరుగులోంచి ఎర్రదారం ఉండ తెచ్చింది.

"పదవే, నేను కూర్చుంటా."

"అమ్మా! నీకేమైనా మతిపోయిందా?"

"నోర్ముయ్‌రా. నీ హెల్మెట్ ఇలా ఇవ్వు."

అద్దం చుట్టూ, పెట్రోలు ట్యాంకు మీదా దారపు ముక్కలు అంటించి పెద్దరోడ్డు ఎక్కారు. కాసేపటికే అత్తగారు కోడలి వీపు మీద దబదబా బాదింది. బండి పక్కకు ఆపాక అరిచింది.

"పైనుంచి కాదే తల్లీ, కిందనుంచి! ట్యాంకు మీది దారాలు నీ గడ్డం కేసి లేచి గిజగిజలాడుతున్నాయి!"

కోడలు నుదురు కొట్టుకుంది. అద్దం ఎంత పొడుగైతే, దాని వెనక ఖాళీలోకి కింది గాలి అంతగా తన్నుకొస్తోంది. ఇన్నాళ్లూ రోగం ఒకచోట, మందు ఒకచోట!

దారిలో బండి సామాన్ల దుకాణం ఉంది. ముందు చక్రం పైన, దాన్ని పట్టి ఉంచే ఫోర్కు కడ్డీలకు రెండు పక్కలా గాలిని మళ్లించే ప్లాస్టిక్ రెక్కలు బిగించారు. అద్దాన్ని బాగా దించి, దాని అడుగున కాస్త సందు వదిలారు. స్క్రూలన్నీ కోడలే తిప్పింది. అత్తగారు పక్కన నిలబడి, "వంకరగా ఉందే, సరిచెయ్" అంటూ ప్రాణం తీసింది.

సాయంత్రం తిరుగుదారిలో అదే రోడ్డు, అదే వేగం. హెల్మెట్ కదల్లేదు, చెవుల్లో హోరూ లేదు. మెడ హాయిగా నిలిచింది. కోడలు సంతోషంతో కేక పెట్టబోయేంతలో వెనకనుంచి మెల్లగా గొణుగుడు వినిపించింది.

"బండి అమ్మెయ్యమని వాడికి చెప్పింది నేనేనే, పిచ్చిదానా. నువ్వు తల పట్టుకుని పడుంటే చూడలేకపోయాను. నీ ఊపిరి తీస్తున్నానని తెలీలేదు."

కోడలి కళ్లు నిండిపోయాయి. "అత్తయ్యా, ప్రతి మాటా వినబడుతోంది!"

"అయ్యో రామా!" అంది అత్తగారు. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఇంటిముందు బండి కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. అత్తగారు దిగీ దిగకముందే, "బండి అమ్మం! వెళ్లిరండి!" అంది.

భర్త భార్య మొహంలోకి చూశాడు. ఆ వెలుగు చూసి చాలా కాలమైంది. "తప్పయిపోయింది," అన్నాడు నెమ్మదిగా. "వచ్చేవారం నన్ను తీసుకెళ్తావా?"

"వచ్చేవారం నేను వెళ్తున్నానురా," అంది వాళ్లమ్మ హెల్మెట్ తియ్యకుండానే. "నువ్వు ఆ పైవారం చూసుకో."