ఓస్ట్‌బీ ఇంటి వెనక క్లోవర్ మడి

ఓస్ట్‌బీల పాడుబడ్డ ఇంటివైపు చీకట్లో మేమెవరమూ పోం. ఇంగెబోర్గ్ ముసలమ్మ అందులోనే చచ్చిపోతే, మంచు కరిగేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పట్నుంచీ ఆవుల్ని పిలుస్తూ తిరుగుతుందంటారు.

ఆ చోటు మిల్వాకీ పట్నంలో టైర్ల షాపున్న డ్వేన్ క్రూగర్ కొన్నాడు. జింకల అడుగుజాడ పట్టుకుని అడవిలో తిరిగే ఓపికా లేదు, చేతా కాదు. ఇంటి వెనక దున్ని క్లోవర్ గడ్డీ టర్నిప్పులూ చల్లాడు. జింకలకి విందన్నమాట! పక్కనే మంచె... దానికి కిటికీలు, హీటరు, మెత్తటి కుర్చీ. తిండి పెట్టి పిలిచి, తింటుంటే కాల్చడం — దీన్ని వేటంటాడు మహానుభావుడు.

"అక్కడ దెయ్యముందయ్యా," అన్నాను.

"ఉంటే దానికీ ఓ టర్నిప్ పడేస్తాలే," అని ఇకిలించాడు.

ఆ ఏడు జింకల వేటకి అనుమతి మొదలయ్యే రోజు. ఇంకా తెల్లారలేదు. డ్వేన్ మంచెక్కి కూర్చున్నాడు. కింద ఏదో కసకసా మేస్తోంది...

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది.

ఇంటివైపు నుంచి ఆడగొంతు — మెల్లగా, బుజ్జగిస్తూ...

"రా... రా తల్లీ..."

క్లోవర్‌లోంచి తెల్లటి మొహం పైకి లేచింది. మొహమే — ఒళ్లు లేదు! దాని వెనక పొడుగ్గా ఓ ఆకారం... మంచెవైపే వస్తోంది.

"పో..." అనబోయాడు. తుపాకీ ఎత్తాడు.

"రా తల్లీ... రా..."

కాల్చేశాడు.

తర్వాత చీకట్లోంచి —

"అది నా పెయ్యరా, సన్నాసీ!"

పక్క పొలం మార్వెల్ ట్వెట్. ఆ క్లోవర్ వాసనకి ఆమె పెయ్య కంచె దాటి వచ్చేసింది. నల్లటి ఒళ్లు, తెల్లటి మొహం. తూటా మార్వెల్ ఒంటికి తగల్లేదు గానీ, కోటు చేతిగుడ్డలోంచి దూసుకుపోయింది.

"దె... దెయ్యమనుకున్నా," అన్నాడు మంచె మీంచి.

"చచ్చినదాన్ని మళ్లీ చంపుదామనా?"

దానికి వాడన్న మాట ఇది —

"జింకలన్నీ బెదిరిపోయాయి కదా, మార్వెల్..."

ఆమె పెయ్య మెడకి తాడేసి, తిన్నగా మా ఇంటికొచ్చింది. నవ్వుతూనే చెప్పిందంతా. కాఫీ ఇచ్చాను. కప్పు పట్టుకోలేకపోయింది... నేనే పట్టుకుని తాగించాను.